ఇద్దరు ఏలిన సూడాన్‌కి జవాబుదారీ ఎవరు?

ఈమధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక తెలుగు వీడియో తిరిగింది. "ప్రపంచంలో ఏ దేశానికీ అక్కర్లేని భూమి" అని దాని పేరు. ఈజిప్టుకీ సూడాన్‌కీ మధ్య ఎడారిలో ఉన్న బీర్ తవిల్ గురించి. రెండువేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఆ ముక్కని ఆ రెండు దేశాల్లో ఏదీ మాది అనదు. 2014లో ఒక అమెరికా ఆయన తన కూతుర్ని రాకుమారిని చేస్తానని వెళ్ళి అక్కడ జెండా పాతాడు. 2017లో ఇండోర్ కుర్రాడొకడు వెళ్ళి విత్తనాలు చల్లి, ఈ దేశానికి నేనే రాజునని ప్రకటించుకున్నాడు. వీడియోలో అదంతా చూపించారు. మా గ్రూపులో ఎకరం ఎంత పలుకుతుందో, రిజిస్ట్రేషన్ ఎక్కడ చేస్తారో మాట్లాడుకున్నారు.

ఆ నేల మీద తరతరాలుగా ఒంటెలు, మేకలు మేపుకుంటున్న అబాబ్దా, బిషారీన్ తెగల గురించి వీడియోలో ఒక్క మాట లేదు. ఆ ముక్క ఎలా పుట్టిందన్నదీ లేదు. 1899లో బ్రిటన్, ఈజిప్టు కలిసి సూడాన్‌ని ఏలాలని ఒప్పందం రాసుకున్నప్పుడు 22వ అక్షాంశాన్ని హద్దుగా పెట్టుకున్నాయి. 1902లో ఏ తెగ ఎక్కడ మేపుకుంటుందో చూసి, పరిపాలన సౌకర్యం కోసం ఇంకో గీత గీశారు. సముద్రం వైపున్న హలాయిబ్ సూడాన్ కిందికి వచ్చింది, లోపలున్న బీర్ తవిల్ ఈజిప్టు కిందికి వెళ్ళింది. ఇప్పుడు ఈజిప్టు 1899 గీతే అసలైన సరిహద్దు అంటుంది, సూడాన్ 1902 గీత అంటుంది. కారణం ఒకటే, ఇద్దరికీ హలాయిబ్ కావాలి. బీర్ తవిల్ నాది అన్నవాళ్ళు హలాయిబ్‌ని వదులుకున్నట్టే లెక్క. ఒకే పాలన మూడేళ్ళ తేడాతో గీసిన రెండు గీతలవి. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఏది నిజమో తేలలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక దేశాన్ని ఇద్దరు కలిసి ఏలితే దోపిడి రెండింతలవుతుందని మామూలుగా అనుకుంటాం. సూడాన్ చరిత్ర చదివేకొద్దీ నాకు కనిపిస్తున్న నష్టం వేరు. ఇద్దరిలో ఏ ఒక్కరికీ జవాబు చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. ఎవరిని నిలదియ్యాలో తెలియని చోట, రాజకీయమంటే ఇద్దరు పెద్దల్లో ఒకరి పక్కన చేరడమే అయింది. 1956లో ఆ పెద్దలిద్దరూ వెళ్ళిపోయారు గానీ ఆ అలవాటు అక్కడే ఉండిపోయింది.

పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది

1898 సెప్టెంబరు 2న ఓమ్‌డుర్మాన్ పక్కన కరారీ మైదానంలో బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యం, 1880ల్లో ఈజిప్టు పాలనని తరిమేసిన మతనాయకుడు మహ్దీ అనుచరుల సేనని ఒక్క పూటలో తుడిచిపెట్టింది. సూడాన్ వైపు పదివేలమందికి పైగా చనిపోయారు. కిచెనర్ వైపు పోయినవాళ్ళు యాభైమంది లోపే. మెషిన్‌గన్‌కి ఎదురుగా ఈటె పట్టుకుని పరిగెత్తిన మనుషులు వాళ్ళు. అయితే కిచెనర్ దగ్గరున్న పాతికవేల సైన్యంలో బ్రిటిష్ సిపాయిలు సుమారు మూడోవంతే. మిగతాదంతా ఈజిప్టు సైన్యం, అందులో సూడానీ బెటాలియన్లు కూడా ఉన్నాయి. దండయాత్ర ఖర్చులో పెద్ద వాటా ఈజిప్టు ఖజానా భరించింది. కొద్దిరోజులకే ఫషోడాలో ఫ్రెంచి అధికారి మార్షాన్‌కి ఎదురుపడినప్పుడు కిచెనర్ ఎగరేసింది ఈజిప్టు జెండా. ఇది ఒకప్పుడు ఈజిప్టు ఏలిన నేల, దాన్ని తిరిగి ఈజిప్టుకే ఇప్పిస్తున్నాం అన్నది ఫ్రాన్స్‌కి చూపించిన సాకు.

నాలుగు నెలలు తిరిగాక, 1899 జనవరి 19న కైరోలో బ్రిటన్ ప్రతినిధి లార్డ్ క్రోమర్, ఈజిప్టు విదేశాంగ మంత్రి బుత్రోస్ ఘాలీ పాషా ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. సూడాన్ అంతటా రెండు జెండాలూ పక్కపక్కన ఎగరాలి. సైనిక, పౌర అధికారమంతా ఒక్క గవర్నర్ జనరల్ చేతిలో ఉంటుంది. ఆయన్ని బ్రిటన్ సిఫార్సు చేస్తే ఈజిప్టు పాలకుడైన ఖెదివ్ నియమిస్తాడు. బ్రిటన్ ఒప్పుకోకపోతే తీసెయ్యడానికి లేదు. యాభై ఏడేళ్ళలో ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ బ్రిటిషువాడే. సంతకం పెట్టిన బుత్రోస్ ఘాలీని 1910లో కైరోలో ఒక యువకుడు కాల్చి చంపాడు. చంపడానికి అతను చెప్పుకున్న కారణాల్లో ఈ సూడాన్ ఒప్పందం ఒకటి. (ఐక్యరాజ్య సమితి సెక్రటరీ జనరల్‌గా పనిచేసిన బుత్రోస్ బుత్రోస్ ఘాలీ ఈయన మనవడే.)

ఈజిప్టు పరిస్థితి ఏమిటో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1882 నుంచి అక్కడ ఉన్నది బ్రిటిష్ సైన్యం. కాగితం మీద మాత్రం 1914 దాకా అది టర్కీ సుల్తాను రాజ్యంలో ఒక భాగం. అంటే ఉమ్మడి యజమానుల్లో ఒకరు తన ఇంట్లోనే యజమాని కాదు. అలాంటప్పుడు బ్రిటన్‌కి ఆ పేరు ఎందుకు? సూడాన్ బడ్జెట్‌లో లోటుని 1912 దాకా ఈజిప్టు డబ్బుతో పూడ్చారు. కాపలాకి ఈజిప్టు సైన్యం ఉంది. లండన్ పార్లమెంటులో ఖర్చు గురించి అడిగేవాళ్ళు తక్కువ. సూడాన్ ఈజిప్టులో భాగం కాదు కాబట్టి, కైరోలో యూరప్ దేశాలకి ఉన్న ప్రత్యేక కోర్టులూ హక్కులూ ఖార్తూమ్‌లో చెల్లవన్నారు. బ్రిటన్ వలసా కాదు కాబట్టి వలసల శాఖ పట్టించుకోలేదు, విదేశాంగ శాఖే చూసుకుంది. ఎవరు ప్రశ్న వేసినా అది తన మీదికి రాకుండా తప్పించుకునే ఏర్పాటు ఇది.

మన పాఠ్యపుస్తకాల్లో బెంగాల్ ద్వంద్వ ప్రభుత్వం గురించి చదువుకున్నాం కదా. 1765 తర్వాత శిస్తు కంపెనీకి, నిందలు నవాబుకి. ఆ కాలంలోనే 1770 కరువు వచ్చింది, పట్టించుకునే నాథుడు లేడు. బెంగాల్‌లో అది ఏడేళ్ళు నడిచింది. సూడాన్‌లో అలాంటిదే అర్ధశతాబ్దం మీద నడిచింది.

1924

ఈ ఏర్పాటు మనుషుల్ని ఏం చేసిందో చెప్పమంటే నేను 1924 చూపిస్తాను. అలీ అబ్దుల్ లతీఫ్ అనే సైనికాధికారి, తండ్రి నూబా తెగ, తల్లి దింకా తెగ, తెల్ల జెండా సంఘం పెట్టాడు. నైలు లోయ ప్రజలంతా ఒక్కటని, బ్రిటన్ వెళ్ళిపోవాలని ఊరేగింపులు జరిగాయి. ఈజిప్టు 1922లో పేరుకి స్వతంత్రమైంది గనక ఆ వైపు చెయ్యి చాచడం వాళ్ళకి తోచిన దారి. అలీని జైల్లో పెట్టారు. నవంబరు 19న కైరో వీధిలో సూడాన్ గవర్నర్ జనరల్ లీ స్టాక్ మీద కాల్పులు జరిగాయి, మర్నాడు ఆయన చనిపోయాడు. చంపింది ఈజిప్టు వాళ్ళు, చచ్చింది బ్రిటిషాయన, జరిగింది కైరోలో. శిక్షలో సగం పడింది సూడాన్ మీద.

ఈజిప్టు సైన్యాన్ని సూడాన్ నుంచి వెనక్కి పిలుస్తూ ఇరవై నాలుగు గంటల్లో ఉత్తర్వివ్వాలని ఈజిప్టులో బ్రిటిష్ హైకమిషనర్ అలెన్‌బీ హుకుం జారీ చేశాడు. సూడానీ సిపాయిలు ప్రమాణం చేసింది ఈజిప్టు రాజుకి. ఆ రాజు సైన్యం రైలెక్కి వెళ్ళిపోతుంటే వాళ్ళు ఎవరి సైనికులు? నవంబరు 27న ఖార్తూమ్‌లో 11వ సూడానీ బెటాలియన్ వాళ్ళు కొందరు ఆయుధాలు తీసుకుని బయల్దేరారు. నది అవతలున్న ఈజిప్టు దళాలు కలిసి వస్తాయని నమ్మారు. రాలేదు. అబ్దుల్ ఫదీల్ అల్మాజ్ అనే యువ అధికారి సైనిక ఆసుపత్రి భవనంలో నిలబడి చివరిదాకా పోరాడి, ఫిరంగి దెబ్బలకి కూలిన గోడల కింద చనిపోయాడు. ఇద్దరు యజమానుల్లో ఒకణ్ణి నమ్ముకుంటే ఏమవుతుందో ఆ రెండు రోజుల్లో తేలిపోయింది.

తర్వాత జరిగింది ఇంకా లోతైన గాయం అని నా ఉద్దేశం. చదువుకున్నవాణ్ణి బ్రిటిష్ అధికారులు అనుమానంగా చూడడం మొదలుపెట్టారు. చదువుకున్నాడంటే ఈజిప్టు మనిషి అయిపోతాడని భయం. సైనిక పాఠశాల మూసేశారు. బడుల కన్నా తెగ పెద్దలే నయమని, షేక్‌లకి కోర్టులూ అధికారాలూ కట్టబెట్టారు. 1916లో సుల్తాన్ అలీ దీనార్‌ని చంపి కలుపుకున్న డార్ఫర్‌లో ఈ పద్ధతి మరీ గట్టిగా సాగింది. అక్కడ చదువు తెగ పెద్దల కొడుకులకే అన్నట్టు నడిపారు. ఒక తెగకి ఒక నేల, ఆ నేలకి ఒక పెద్ద అన్న లెక్కలు పుస్తకాలకెక్కాయి. సొంత నేల అంటూ దక్కని పశువుల కాపరి తెగల కోపాన్ని 2003 తర్వాత డార్ఫర్ ఊచకోతల్లో ఎలా వాడుకున్నారో ప్రపంచమంతా చూసింది.

నా వాదనకి అడ్డొచ్చే విషయం కూడా ఇదే ఏడాదిలో ఉంది. అలీ అబ్దుల్ లతీఫ్‌ని తక్కువ చేసినవాళ్ళలో బ్రిటిష్ వాళ్ళొక్కరే లేరు. ఖార్తూమ్ పెద్ద కుటుంబాల పత్రిక ఆయన పుట్టుకని ఎత్తిచూపింది, బానిసల వంశంలో పుట్టినవాడు మనకి నాయకుడా అన్న ధోరణిలో రాసింది. ఆ చూపు 1899 కంటే ముందుది. పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణాది మీద బానిసల వేట చేసిన వ్యాపారుల కాలం నుంచి వస్తున్నది. దానికి ఉమ్మడి పాలన కారణం అంటే అది అబద్ధం. ఆ మనిషి మాత్రం కైరోలో పిచ్చాసుపత్రి పాలై, 1948లో అక్కడే చనిపోయాడు. ఆయన నమ్మిన దేశంలోనే.

నీళ్ళ సంతకం

ఉమ్మడి పాలనలో జవాబుదారీ ఎలా మాయమవుతుందో ఒక్క కాగితంలో చూడాలంటే 1929 నైలు ఒప్పందం చూడాలి. నీలి నైలుకీ తెల్ల నైలుకీ మధ్య గెజీరా మైదానం. 1925లో సెన్నార్ ఆనకట్ట పూర్తయింది, లాంకషైర్ మిల్లులకి కావాల్సిన పొడుగు పింజ పత్తి అక్కడ పండించారు. కౌలు రైతుకి కొంత, ప్రభుత్వానికి కొంత, సూడాన్ ప్లాంటేషన్స్ సిండికేట్ అనే లండన్ కంపెనీకి కొంత వాటాలు. స్టాక్ హత్య తర్వాత అలెన్‌బీ ఈజిప్టుని బెదిరించడానికి వాడిన ఆయుధాల్లో ఇదొకటి. గెజీరా సాగుని ఇక ఎంతైనా పెంచుకుంటామన్నాడు. సూడాన్ పొలం, ఈజిప్టు మెడ మీద కత్తి అయింది. తర్వాత కైరోతో రాజీ కావాల్సి వచ్చేసరికి 1929లో లెక్క మారింది. ఈజిప్టుకి ఏడాదికి 48 వందల కోట్ల ఘనపు మీటర్లు, సూడాన్‌కి 4 వందల కోట్లు.

సూడాన్ తరఫున సంతకం పెట్టింది బ్రిటన్. అవతల సంతకం పెట్టింది ఈజిప్టు. ఇద్దరూ సూడాన్ పాలకులే! నీళ్ళు ఎవరి నేల మీద నుంచి పోతున్నాయో వాళ్ళలో ఒక్కడూ ఆ గదిలో లేడు. కృష్ణా జలాల కేటాయింపు మీద దశాబ్దాలుగా ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరుగుతున్న మనకి ఈ బాధ తెలుసు. మనకి కనీసం వాదించడానికి మన లాయరు ఉంటాడు.

1959లో స్వతంత్ర సూడాన్ మళ్ళీ బేరం ఆడి 18.5 వందల కోట్లు తెచ్చుకుంది, ఈజిప్టుకి 55.5. మంచిదే. కానీ దానికోసం సైనిక పాలకుడు జనరల్ అబ్బూద్ ప్రభుత్వం వాదీ హల్ఫాని అస్వాన్ ఆనకట్ట నీళ్ళలో ముంచడానికి ఒప్పుకుంది. యాభైవేలమంది దాకా నూబియన్లని దూరంగా ఖష్మ్ అల్ గిర్బాకి తరలించారు. వాళ్ళని అడిగిందీ లేదు. అప్పటికి బ్రిటన్ వెళ్ళిపోయి మూడేళ్ళయింది. నీలి నైలు పుట్టే ఇథియోపియాని 1929లోనూ 1959లోనూ ఎవరూ పిలవలేదు. ఆ దేశం తన పెద్ద ఆనకట్టని కట్టుకుని 2025లో ప్రారంభించాక కూడా కైరో, ఖార్తూమ్ ఆ పాత లెక్కలే ముందు పెడుతున్నాయి.

పోటీలో వచ్చిన స్వాతంత్ర్యం

1936లో బ్రిటన్, ఈజిప్టు ఇంకో ఒప్పందం చేసుకుని, మా పాలన ధ్యేయం సూడాన్ ప్రజల సంక్షేమం అని రాసుకున్నాయి. ఆ ప్రజలతో సంప్రదించలేదు. ఆ అవమానం నుంచే 1938లో పట్టభద్రుల మహాసభ పుట్టింది. 1942లో వాళ్ళు స్వయంనిర్ణయాధికారం అడుగుతూ వినతిపత్రం ఇస్తే సివిల్ సెక్రటరీ న్యూబోల్డ్, సూడాన్ తరఫున మాట్లాడే హక్కు మీకు లేదని తిప్పి పంపాడు. అక్కడితో చీలిక మొదలైంది. ఇస్మాయిల్ అల్ అజ్హరీ వర్గం ఈజిప్టుతో ఐక్యత అంది, అలీ అల్ మీర్ఘానీ నడిపే ఖత్మియా సూఫీ పీఠం ఆ వైపు మొగ్గింది. మహ్దీ కొడుకు అబ్దుల్ రహ్మాన్ వెనక అన్సార్లు (మహ్దీ అనుచరులు), ఉమ్మా పార్టీ, సూడాన్ సూడాన్ వాళ్ళదే అన్నారు. కైరోని దూరం పెట్టడానికి బ్రిటిష్ అధికారులకి ఆ నినాదం పనికొచ్చింది. ఎవరి సేన 1885లో బ్రిటిష్ జనరల్ గోర్డన్‌ని చంపిందో ఆ మహ్దీ కొడుకే బ్రిటిష్ వాళ్ళకి ఆప్తుడు కావడం, ఆ ఇద్దరు యజమానుల ఆట తెలియకపోతే అర్థం కాదు.

చూడండి, ఆ పదిహేనేళ్ళూ దేశం ముందున్న ప్రశ్న "కైరోనా, లండనా?" దేశంలో ఉన్న దింకా, నూబా, ఫూర్, బెజా, అరబ్ తెగలు ఒక ప్రభుత్వం కింద ఎలా బతకాలన్న ప్రశ్న ఎజెండాలోకే రాలేదు. దక్షిణాదిని 1922 నుంచి మూసిన ప్రాంతంగా ఉంచారు, ఉత్తరాది వ్యాపారి పర్మిట్ లేకుండా వెళ్ళకూడదు. 1930 నాటికి అరబ్బీ మాటని, వేషాన్ని కూడా అక్కడ తొలగించాలన్న విధానం అధికారికమైంది. 1946లో ఉన్నట్టుండి విధానం తిరగేశారు, ఉత్తర దక్షిణాలు ఒకటే దేశం అన్నారు. 1947 జూన్‌లో జూబాలో ఒక సమావేశం పెట్టి దక్షిణాది పెద్దలతో మాట్లాడామనిపించారు. ఇరవై ఏళ్ళు గోడ కట్టి, ఏడాదిలో కూల్చి, కాపురం చెయ్యమన్నారు.

సూడాన్‌కి స్వపరిపాలన ఇస్తూ బ్రిటన్, ఈజిప్టు చేసుకున్న 1953 ఫిబ్రవరి ఒప్పందానికి ముందు ఈజిప్టు నగీబ్ ప్రభుత్వం ఉత్తరాది ప్రధాన పార్టీలతో సంతకాలు చేయించింది. దక్షిణాది ప్రతినిధి ఒక్కడూ లేడు. ఆ రోజుల్లోనే ఈజిప్టు మంత్రి సలాహ్ సాలిం దక్షిణాదికి వెళ్ళి అక్కడి వాళ్ళతో కలిసి నాట్యం చేశాడు, ఫొటోలు ప్రపంచమంతా అచ్చయ్యాయి. ఓట్ల కోసం వేసిన ఆ చిందుల వెనక ఆ మనుషుల మీద గౌరవం ఎంతుందో నాకు సందేహమే.

మన దేశానికి ఇక్కడ ఒక గౌరవమైన పాత్ర దక్కింది. 1953 చివర్లో జరిగిన ఎన్నికలకి ఏ యజమాని నిర్వాహకుడైనా రెండోవాడు నమ్మడు. అందుకని అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షుడిగా మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్‌ని పిలిచారు. మన 1951-52 ఎన్నికలు నడిపించి అప్పటికి ఎంతో కాలం కాలేదు. 97 స్థానాల్లో సగానికి పైగా అజ్హరీ పార్టీ గెలిచింది. ఈజిప్టుతో ఐక్యత అని ఓట్లడిగిన అదే అజ్హరీ రెండేళ్ళు తిరక్కుండా పూర్తి స్వాతంత్ర్యం వైపు తిరిగాడు. జనం వేసింది బ్రిటన్‌కి వ్యతిరేకమైన ఓటని, కైరో మీద ప్రేమతో కాదని ఆయనకి తెలిసింది.

ఇదంతా ఉత్తరాది కథ. బ్రిటిష్ అధికారులు ఖాళీ చేసిన సుమారు 800 ఉద్యోగాల్లో దక్షిణాది వాళ్ళకి పది కూడా రాలేదు. 1955 ఆగస్టులో తోరిత్‌లో దక్షిణాది సైనికులు తిరగబడ్డారు. స్వాతంత్ర్యం ఇంకా రాకముందే అంతర్యుద్ధం మొదలైంది. డిసెంబరులో పార్లమెంటు స్వాతంత్ర్యం ప్రకటించడానికి దక్షిణాది సభ్యుల ఓట్లు కావాల్సి, ఫెడరల్ వ్యవస్థని పూర్తిగా పరిశీలిస్తామని మాటిచ్చారు. ఓట్లు పడ్డాయి, 1956 జనవరి 1న రెండు జెండాలూ దిగాయి, పరిశీలన తర్వాత ఫెడరల్ కుదరదన్నారు. 1972 దాకా ఒక యుద్ధం, 1983 నుంచి 2005 దాకా ఇంకో యుద్ధం. 2011లో దేశం రెండయింది.

నాకు ఎదురయ్యే ప్రశ్నలు

హైదరాబాద్‌లో సూడానీ విద్యార్థులు చాలాకాలంగా ఉన్నారు. టోలిచౌకీ వైపు ఒక మిత్రుడి ఇంట్లో కుర్దుఫాన్ నుంచి వచ్చిన ఫార్మసీ విద్యార్థి ఒకతను పరిచయమయ్యాడు. నేను ఈ 1899 వాదనంతా ఉత్సాహంగా చెబితే ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఇలా అన్నాడు: "బ్రిటన్ గురించి మీకున్నంత కోపం మా ఊళ్ళో ఎవరికీ లేదన్నా. మా కోపం ఖార్తూమ్ మీద. ఆసుపత్రి కట్టనిది ఖార్తూమ్, మా మీద విమానాలు పంపింది ఖార్తూమ్."

ఆ మాటకి నా దగ్గర సులువైన సమాధానం లేదు. డెబ్బై ఏళ్ళు ఏలినవాళ్ళు సూడాన్ వాళ్ళే. సైనిక నియంత ఒమర్ అల్ బషీర్ ముప్ఫై ఏళ్ళు ఏలాడు. డార్ఫర్ ఊళ్ళు తగలబెట్టమని క్రోమర్ చెప్పలేదు. అతను చెప్పినదాన్ని కొట్టిపారేసే వాదన ఏదైనా నాకు వద్దు. కాకపోతే ఒక్క విషయం. ఖార్తూమ్ అనే ఒక ఊరు, నది ఒడ్డున్న కొన్ని కుటుంబాలు, ఒక సైన్యం, ఇంత పెద్ద దేశానికి ఎవరికీ లెక్క చెప్పకుండా ఎలా ఏలగలిగాయి? రైలు, బడి, పత్తి, ఉద్యోగం అన్నీ ఆ మధ్య భాగంలోనే పోగేసిన పాలన నుంచి. పైనున్న యజమాని ఎవరో తేలని చోట కిందున్న కార్యాలయమే రాజ్యమైపోయింది. 1956లో అదే కార్యాలయం, అదే కుర్చీలు, కూర్చునే మనుషులు మారారు.

ఇంకో ప్రశ్న. నైజీరియాని బ్రిటన్ ఒక్కటే ఏలింది, బయాఫ్రా యుద్ధం ఆగిందా? కాంగోని బెల్జియం ఒక్కటే ఏలింది, అక్కడ జరిగినది ఇంకా ఘోరం. నిజమే. ఉమ్మడి పాలన లేకపోతే సూడాన్ బాగుపడేదని నేను అనను. కామెరూన్‌ని బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఏలలేక 1916లో పంచుకున్నాయి. ఆ పంపకం తాలూకు ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రాంతాల తగాదా ఇప్పటికీ ప్రాణాలు తీస్తోంది. ఏ దారి చూసినా ఆ నేల మీద మనుషుల్ని అడిగిన దారి కాదు.

మూడోది అన్నిటికన్నా బలమైనది. ఇద్దరు యజమానుల పోటీ వల్లే సూడాన్‌కి స్వాతంత్ర్యం ముందొచ్చింది. ఘానా కంటే ఏడాది ముందు. కెన్యాలో లాగా తెల్లవాళ్ళు వచ్చి భూములు ఆక్రమించి స్థిరపడలేదు. ఇది లాభమే, నేను కాదనను. కానీ ఇద్దరి బేరం మధ్యలో జారి చేతికొచ్చిన స్వాతంత్ర్యానికి శాశ్వత రాజ్యాంగం లేదు, ఉన్న తాత్కాలిక రాజ్యాంగాన్ని 1958లో సైన్యం పక్కన పెట్టింది. రాజ్యాంగం ఎలా ఉండాలో మూడేళ్ళు కూర్చుని కొట్లాడుకునే తీరిక మనకి దొరికింది, దక్షిణాది మనిషితో అలా కూర్చునే తీరిక వాళ్ళకి దొరకలేదు. ఆ తేడాని నేను చిన్నదిగా చూడలేను.

ఇప్పుడు

2023 ఏప్రిల్ 15న సైన్యాధిపతి బుర్హాన్ సైన్యం, హెమెద్తీ నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ (ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే పారామిలటరీ దళాలు ఖార్తూమ్‌లో తలపడ్డాయి. ఆపరేషన్ కావేరిలో మన తెలుగువాళ్ళు కూడా పోర్ట్ సూడాన్, జెద్దా మీదుగా ఇల్లు చేరారు. అక్కడితో మన టీవీల్లో వార్త అయిపోయింది. కోటి మందికి పైగా ఇళ్ళు వదిలారు. ఏడాదిన్నర ముట్టడి తర్వాత 2025 అక్టోబరులో డార్ఫర్‌లోని అల్ ఫాషిర్ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి వచ్చినప్పుడు జరిగిన ఊచకోత నెత్తుటి మరకలు ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపించాయి.

ఈ యుద్ధంలో నన్ను కలవరపెట్టేది పాత నమూనా. బుర్హాన్ వెనక ఈజిప్టు. హెమెద్తీకి ఆయుధాలు పంపుతోందని ఎమిరేట్స్ మీద ఆరోపణ, ఆ దేశం కాదంటుంది. 2025 సెప్టెంబరులో శాంతి ప్రణాళిక ప్రకటించిన నలుగురు అమెరికా, సౌదీ, ఈజిప్టు, ఎమిరేట్స్. అంటే యుద్ధంలో వేలు పెట్టినవాళ్ళే తీర్పరులు. అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లో సూడాన్ మీద సదస్సు పెడితే సూడాన్ ప్రభుత్వాన్నీ పిలవలేదు, ఆర్‌ఎస్‌ఎఫ్‌నీ పిలవలేదు. వచ్చిన దేశాలు ఒక ఉమ్మడి ప్రకటన మీద కూడా ఒప్పుకోలేకపోయాయి. కాల్పులు ఆపాలంటే ఆయుధాలిచ్చేవాళ్ళతో మాట్లాడక తప్పదని కొందరంటారు. ఒప్పుకుంటాను. ఆపడానికి వాళ్ళు కావాలి. ఆ తర్వాత దేశం ఎలా ఉండాలో కూడా వాళ్ళే రాస్తామంటేనే నాకు 1953 గుర్తొస్తుంది.

సూడాన్‌లో జనానికి లెక్క చెప్పేవాళ్ళు లేరని కాదు. 2019లో బషీర్‌ని దింపిన వీధి కమిటీల నుంచి పుట్టిన అత్యవసర సహాయ బృందాలు ముట్టడిలో ఉన్న పేటల్లో ఉమ్మడి వంటశాలలు నడిపాయి, మందులు చేర్చాయి. కరెంటు, నీళ్ళు బాగుచేశాయి. ఆ పనికి 2025లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. ఏ వీధిలో ఎవరికి అన్నం అందిందో, ఎవరికి అందలేదో ఆ వీధి మనిషే అడుగుతాడు, ఆ వీధి మనిషికే చెప్పాలి. 1899 నుంచి ఆ దేశంలో ఏ ప్రభుత్వమూ ఇంత దగ్గరగా జవాబు చెప్పలేదు.

భారతదేశానికి అక్కడ సంబంధం లేదనడానికి లేదు. ఓఎన్‌జీసీ విదేశ్ అక్కడి చమురులో పెట్టుబడి పెట్టింది, ఖార్తూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కి పైపులైను వేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సూడాన్‌ని కాపాడడానికి పోరాడిన మన సిపాయిల స్మారకంగా ఆ దేశం ఇచ్చిన లక్ష పౌండ్లలో మన వంతుతో ఖడక్‌వాస్లా డిఫెన్స్ అకాడమీలో సూడాన్ బ్లాక్ లేచింది. ఎన్నికలకి సుకుమార్ సేన్‌ని పంపాం. ఈ చర్చల్లో మన ప్రభుత్వం అడగాల్సింది ఒకటుంది: రాజకీయ చర్చ మొదలైన రోజే ఆ సహాయ బృందాలకీ, డార్ఫర్, కుర్దుఫాన్, తూర్పు ప్రాంతాల వాళ్ళకీ సొంత ప్రతినిధులు ఉండాలని. సైన్యం కోటాలో కాదు, ఏ పొరుగు దేశం సిఫార్సు మీదా కాదు. ఇంతవరకు మనవాళ్ళు ఆ మాట గట్టిగా అన్నట్టు నాకు కనపడలేదు.